మళ్ళీ పాడమన్నప్పుడు

నిజాంపట్నం రేవు చుట్టుపక్కల, అడవులదీవి లాంటి ఊళ్ళలో పద్యం ఎలా వినాలో ఎవరూ ఎవరికీ నేర్పనక్కర్లేదు. శ్రీరామనవమి పందిట్లోనో, తిరునాళ్ళలోనో రాత్రి పొద్దుపోయాక పద్యనాటకం తెర లేస్తే తెల్లారేదాకా కూర్చునే జనం వాళ్ళు. కృష్ణుడి ‘పడకసీను’ అంటే ఏమిటో, ఆయన కౌరవసభకు వెళ్ళే ‘రాయబారం సీను’లో ఏ పద్యం తర్వాత ఏ పద్యం వస్తుందో పొలం పనికి పోయేవాళ్ళకీ, వలలు బాగుచేసుకునేవాళ్ళకీ నోటికి వచ్చు. కథ తెలుసు. పద్యం తెలుసు. అయినా పద్యం ముగిసీ ముగియకముందే వెనక వరసల్లోంచి ‘వన్స్‌మోర్’ అని కేక లేస్తుంది.

ఆ కేకకు నటుడు ఏం బదులిస్తాడన్నది నాకు ఎన్నటికీ ఆసక్తి తగ్గని సంగతి. పేరు తెచ్చిన నాటక సమాజంలో ఉన్నన్నాళ్ళూ ఆ బదులు కొంత తేలిక. ఎదుట వేసేవాడు తెలిసినవాడు, హార్మోనియం తెలిసినది, ఎవరు ఎక్కడ ఊపిరి తీసుకుంటారో అందరికీ ఎరుకే. ఆ సమాజం వదిలి ఒంటరిగా బయటికి వచ్చాకే అసలు చిక్కు. గ్రామఫోను ప్లేటు మీదో, సినిమాలోనో, రేడియోలోనో, నలుగురు నాలుగు చోట్ల నుంచి వచ్చి కలిసే కాంట్రాక్టు నాటకంలోనో పాడాలి. జనం మాత్రం పాతదే అడుగుతారు. పాత జోడీ ఉండదు, పాత వేదిక ఉండదు, ఒక్కోసారి పాత గొంతూ ఉండదు. తెనాలి, బాపట్ల, రేపల్లె మధ్య ఈ కాస్త నేల మీద పుట్టిన కొందరు ఈ చిక్కును ఎంత పనితనంతో విప్పారో చూస్తే, అభిమాని కోరేదేమిటో, కళాకారుడు నిజంగా ఇచ్చేదేమిటో అర్థమవుతుంది. వాళ్ళు అడిగినదే ఇచ్చారు. ఇచ్చిన ప్రతిసారీ అందులో ఇంతకుముందు లేనిది ఒకటి పెట్టి ఇచ్చారు.

మొదట స్థానం నరసింహారావు గారి గురించి చెప్పుకోవాలి. 1902లో బాపట్లలో పుట్టారు. తెనాలి శ్రీరామ విలాస సభలో ఆడవేషాలకు ఆంధ్రదేశమంతా పేరు పడ్డారు. అదే సభలో దుర్యోధనుడిగా గర్జించిన మాధవపెద్ది వెంకట్రామయ్య ఉన్నారు. వృత్తికి డాక్టరైన గోవిందరాజుల సుబ్బారావు ఉన్నారు. ఒక్క పట్నంలో ఒక్క సమాజంలో ఇంతమంది కలవడం అరుదు. సత్యభామ, రోషనార, చిత్రాంగి, చింతామణి, దేవదేవి, మధురవాణి, ఇలా స్థానం వేసిన ఆడవాళ్ళంతా ఒకరికొకరు పోలికలేని మనుషులు. మగవాడు ఆడవేషం కట్టడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. రేపల్లె దగ్గర కృష్ణ దాటితే అవతలి గట్టున కూచిపూడి భామాకలాపం తరతరాలుగా మగవాళ్ళే ఆడుతూ వచ్చారు. వేషం కుదరడం వల్ల ఒక్క స్థానానికే అంత పేరు రాలేదన్నమాట. పాటలో మాటను పట్టుకునే తీరు వల్ల వచ్చింది.

‘శ్రీకృష్ణ తులాభారం’ నాటకం ముత్తరాజు సుబ్బారావు గారిది. అందులో సత్యభామకు స్థానం తానే ఒక పాట రాసుకున్నారు. ‘మీరజాలగలడా’ అన్న పేరుతో ఆ పాట తెలియని తెలుగువాళ్ళు తక్కువ. దాని కట్టుబాటును దగ్గరగా చూడండి. పల్లవి ఒక ప్రశ్న. నా మాట దాటగలడా కృష్ణుడు అని సత్య తనను తానే అడుగుతుంది, సవతులను అడుగుతుంది, నారదుణ్ణి అడుగుతుంది, ఆఖరికి ఎదుట కూర్చున్న మనల్నీ అడుగుతుంది. పాట కట్టేవాడు పల్లవి కోసం ఎంచుకునే మాట సాధారణంగా ఒక నిశ్చయమో, ఒక మొరో అవుతుంది. నిశ్చయాన్ని పదిసార్లు అంటే పదోసారికి బరువు తగ్గుతుంది. ప్రశ్నకు ఆ బాధ లేదు. అడిగిన ప్రతిసారీ దానికి జవాబు మారవచ్చు. ఒకసారి గర్వం, ఒకసారి ముద్దు, ఒకసారి సవతి వైపు విసిరిన చూపు, ఒకసారి లోపల ఎక్కడో పొడచూపిన సందేహం. పల్లవి మళ్ళీ మళ్ళీ వస్తుందని తెలిసిన నటుడే, వచ్చిన ప్రతిసారీ తనకు పనికొచ్చేలా రాసుకున్న పల్లవి అది. వన్స్‌మోర్‌కు బదులు ముందే పాటలో కట్టేశాడాయన.

ఇంకో సంగతి. కథ చివర ఏం జరుగుతుందో చూసేవాళ్ళకు తెలుసు. రుక్మిణి వేసే ఒక్క తులసిదళం ముందు సత్య నగలన్నీ తేలిపోతాయి. ఆ ఎరుక మన మనసులో ఉండగా ఆమె అంత ధీమాగా పాడుతుంటే, ప్రతి ధీమా కింద ఒక చిన్న జాలి కదులుతుంది. స్థానం తన పాటలో రాగం ఎంత తీయాలో, ఎక్కడ ఆపాలో ఈ జాలిని బట్టే నిర్ణయించుకున్నారని నా నమ్మకం. రాగాలాపన పొడవుతో చప్పట్లు రాబట్టే రోజులవి. ఆయన మాత్రం సంగతులకన్నా మాటకే పట్టం కట్టారు. మాట మీద కన్ను, కన్ను మీద వేలు, వేలు కొసన ఒక విరుపు. ఇదంతా ఆయన ఊరికే చేయలేదు. తాను ఏ పాత్రకు ఏం ఆలోచించి ఏం చేశాడో ‘నటస్థానం’ అనే పుస్తకంలో రాసి పెట్టిన మనిషి ఆయన.

ఈ మనిషి వేదిక దిగి సినిమాకు పోతే ఏమైంది? 1940ల తొలి రోజుల్లో ‘సత్యభామ’ చిత్రంలో నటించారు. రంగస్థలం మీద మెరిసినంతగా తెర మీద ఆయన మెరవలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. పెట్రోమాక్సు వెలుగులో ఇరవై గజాల అవతల నుంచి చూసే కంటికి సత్యభామగా నిలిచే ముఖం కెమెరాకు వేరుగా కనబడుతుంది. అంతకన్నా ముఖ్యం, పల్లవిని ఆ రాత్రి జనాన్ని బట్టి మార్చుకునే వీలు సినిమాలో లేదు. ఒకసారి తీశాక అదే ఖాయం. ప్రశ్న అడిగి జనం ముఖాల్లో జవాబు వెతుక్కునే కళాకారుడికి, ఎదుట జనమే లేకపోతే చేతిలోంచి సగం పనిముట్లు పోయినట్టే. గ్రామఫోనుది ఇంకో ఇబ్బంది. పది అంగుళాల ప్లేటు ఒక్కో వైపు మూడు నిమిషాల చిల్లర మాత్రమే పలుకుతుంది. వేదిక మీద అరగంట సాగే పాటను అంతలోకి కుదించాలంటే ఏది పోనిచ్చి ఏది ఉంచాలి? అభినయం పోయింది, నవ్వు పోయింది, జడ పోయింది. మిగిలింది మాట. మాట మీదే బతికే పాట కాబట్టే అది ప్లేటు మీదా, తర్వాత రేడియోలోనూ నిలిచింది.

1966లో రామానాయుడు గారి సురేశ్ సంస్థ తీసిన ‘శ్రీకృష్ణ తులాభారం’లో కమలాకర కామేశ్వరరావు గారి దర్శకత్వంలో ఆ పాట మళ్ళీ వచ్చింది. సంగీతం పెండ్యాల, గొంతు సుశీల గారిది, వేషం జమున గారిది. స్థానం అప్పటికి జీవించే ఉన్నారు. 1971 దాకా ఉన్నారు. పాత నాటకం చూసిన వాళ్ళు ఈ కొత్త పాట విని రెండు పాయలుగా చీలిపోవడం సహజమే. ఒకరికి స్థానం లేని ఆ పాట పాటే కాదు. ఇంకొకరికి సుశీల గొంతులో అది మొదటిసారి నిజంగా ఒక ఆడపిల్ల ప్రశ్న అయింది. నేను రెండో వాళ్ళ పక్షం. కానీ సుశీల పాడిన పల్లవి ప్రతిసారీ ఒక చిన్న తేడాతో వస్తుంది చూడండి, ఆ తేడాకు చోటు వదిలిపెట్టింది మాత్రం బాపట్ల మనిషే.

ఇక ఈలపాట రఘురామయ్య గారు. తెనాలికి దగ్గరలోని సుద్దపల్లిలో 1901లో పుట్టారు. అసలు పేరు కల్యాణం వెంకట సుబ్బయ్య. రఘురాముడి వేషం అంతగా రక్తి కట్టడంతో ఆ పేరే నిలిచిపోయింది. ఆడవేషాలతో మొదలుపెట్టి కృష్ణుడిగా స్థిరపడ్డారు. ఈయన పనితనం స్థానానికి పూర్తిగా ఎదురు దారి. స్థానం పాటలో మాట గెలుస్తుంది. రఘురామయ్య దగ్గర మాట పూర్తయ్యాక అసలు కథ మొదలవుతుంది.

పద్యం ఎలా సాగుతుందో ఒక్కసారి చూద్దాం. కౌరవసభలో కృష్ణుడు రాబోయే యుద్ధాన్ని కళ్ళకు కట్టించే పద్యం తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగం’లోది, శార్దూలం. శార్దూల పాదంలో పంతొమ్మిది అక్షరాలు. మొదలే మూడు గురువులు వరసగా పడతాయి. అందుకని గొంతు మొదటి అడుగులోనే కాలు నిలదొక్కుకోగలదు. పదమూడో అక్షరం దగ్గర యతి. పాదం చివరన మళ్ళీ గురువు. రాగం తీసేవాడికి ఆ చివరి గురువే గుమ్మం. అల్పుడైన గాయకుడు యతి దగ్గర ఊపిరి తీస్తాడు, ఎందుకంటే అక్కడ ఆగడం తేలిక. అర్థం తెలిసినవాడు మాట ఎక్కడ విరుగుతుందో అక్కడ ఆగుతాడు. యతిని లోపల్లోపలే మోగించి దాటిపోతాడు. రఘురామయ్య పద్యంలో మాటలు పూసలు విడిపోయినట్టు స్పష్టంగా వినబడతాయి. నాలుగో పాదం చివరి గురువు మీద ఆలాపన అందుకుంటారు. గొంతుతో కొంతదూరం పోయాక నోట్లో వేలు పెడతారు. అక్కడ ఈల మొదలవుతుంది.

అది విని ఆశ్చర్యపోయి ఊరుకున్నవాళ్ళే ఎక్కువ. ఆ పనిని కాస్త విడదీసి చూడాలి. నాటకంలో గొంతుకు తోడు హార్మోనియం. హార్మోనియం మెట్లు మెట్లుగా ఉంటుంది. ఒక స్వరం నుంచి ఇంకో స్వరానికి పోవాలంటే ఒక మెట్టు వదిలి ఇంకో మెట్టు నొక్కాలి, మధ్య జారుడు లేదు. మన రాగాల ప్రాణమంతా ఆ మధ్య జాగాలోనే ఉంది. గొంతు ఆ జాగాలో తిరగగలదు, కానీ తెల్లారేదాకా మైకు లేకుండానో, ఒక్క మైకు ముందో అరిచి పాడిన గొంతు నాటకం సగానికి వచ్చేసరికి బొంగురుపోతుంది. ఈలకు బొంగురు లేదు. నాలుక ఒక్క వెంట్రుకవాసి కదిపితే స్వరం జారుతుంది, గమకం పలుకుతుంది. వేణువుకు దగ్గరగా వినబడే ఆ ఈలలో కృష్ణుడు చేతిలో పిల్లనగ్రోవి లేకుండానే పిల్లనగ్రోవి ఊదుతాడు. పాత్రకూ వాయిద్యానికీ ఇంత చక్కగా పొత్తు కుదిరిన సందర్భం తెలుగు రంగస్థలం మీద ఇంకోటి నాకు తోచదు. ఇంకో మేలు కూడా ఉంది. మాటలు లేవు కాబట్టి ఈలకు ‘ఇంతే’ అన్న హద్దు లేదు. పద్యం నిన్నటిదే, ఈల మాత్రం ఈ రాత్రిది. జనం వన్స్‌మోర్ అన్నప్పుడు ఆయన పద్యం తిరిగి పాడినా, ఆ తర్వాత వచ్చే ఈల నిమిషం కిందట విన్నది కాదు.

సినిమాకు ఆయనా వెళ్ళారు. 1933లో ‘పృథ్వీపుత్ర’తో మొదలుపెట్టి, 1947లో ‘గొల్లభామ’లో కథానాయకుడయ్యారు. 1960లో తీసిన ‘శ్రీకృష్ణరాయబారం’లో కృష్ణుడు వేసేనాటికి ఆయనకు అరవై ఏళ్ళు దగ్గరపడ్డాయి. అయినా జనం ఆయన్ని సినిమా మనిషిగా ఎప్పుడూ తలచుకోలేదు. తిరిగి తిరిగి వేదికకే వచ్చారు. 1975లో పద్మశ్రీ వచ్చింది, ఆ ఏడాది ఫిబ్రవరిలోనే కన్నుమూశారు.

ఈయనలాంటి వాళ్ళు వేదికకు తిరిగి వచ్చింది కాంట్రాక్టు నాటకాల రూపంలో. సమాజాలు సడలిపోయాక ఒక కాంట్రాక్టరు పేరున్న నటులందరినీ ఎక్కడెక్కడి నుంచో పిలిచి ఒక్క రాత్రికి ఒక్క వేదిక మీద నిలబెట్టడం మొదలైంది. తెనాలి దీనికి గుండెకాయ. ఒక్క నాటకంలో ఇద్దరు ముగ్గురు కృష్ణులు. ఒకరు పడకసీను, ఇంకొకరు రాయబారం. అభిమానులు ఊళ్ళ వారీగా జట్లు కట్టి వచ్చేవారు. మా కృష్ణుడు గొప్పంటే మా కృష్ణుడని పంతాలు. నచ్చిన పద్యానికి చదివింపులు, వాటిని మధ్యలో ఆపి మరీ పేర్లతో సహా చదవడం. దీన్ని పెద్దలు చాలామంది తిట్టారు. పద్యానికి అర్థం పోయి రాగం మిగిలిందని, నాటకం పోయి పందెం మిగిలిందని అన్నారు. ఆ మాటలో నిజం ఉంది. చివరి గురువు మీద అయిదు నిమిషాలు నిలబడి, దుర్యోధనుడు ఎదుట కూర్చుని ఉన్నాడన్న సంగతే మరిచిపోయే కృష్ణుడు నాటకాన్ని పాడుచేస్తాడు. కానీ ఈ పోటీయే వినేవాళ్ళ చెవికి పదును పెట్టింది. ఒకే పద్యం ఒకే రాత్రి ఇద్దరి నోట వింటే, తేడా ఎక్కడుందో చదువురాని మనిషి కూడా వేలుపెట్టి చూపించగలడు. పద్యనాటకానికి అంత నిశితమైన విమర్శకులు పత్రికల్లో దొరకలేదు, ఈ డెల్టా చివరి ఊళ్ళ పందిళ్ళలోనే దొరికారు.

సమాజం విడిచిన కళాకారుడి కష్టం మన ఒక్కరిదే అనుకోనక్కర్లేదు. ఇంగ్లండులో హార్డ్ రాక్ అన్న పేరుకే పర్యాయపదంలా నిలిచిన లెడ్ జెప్పెలిన్ బృందం, డ్రమ్మరు జాన్ బోనమ్ 1980లో చనిపోవడంతో ఆగిపోయింది. ఆ బృందం గాయకుడు రాబర్ట్ ప్లాంట్ పేరంతా పై స్థాయిలో చీల్చుకుపోయే కేక మీద నిలబడింది. ఆయన 2007 అక్టోబరులో అలిసన్ క్రాస్ అనే అమెరికన్ గాయనితో కలిసి ‘రైజింగ్ శాండ్’ అన్న ఆల్బమ్ తెచ్చాడు. కేక లేదు. ఆమె గొంతు పక్కన తన గొంతును తగ్గించి, ఒదిగి పాడిన పాటలు. అదే ఏడాది డిసెంబరు 10న లండన్‌లో పాత బృందం ఒక్క రాత్రికి కలిసింది, డ్రమ్స్ దగ్గర బోనమ్ కొడుకు జేసన్. అభిమానులు ఇక ఊరూరా తిరగమని ఎంత మొత్తుకున్నా ప్లాంట్ క్రాస్‌తోనే ముందుకు పోయాడు. 2009లో ఆ ఆల్బమ్‌కు గ్రామీల్లో ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్ బహుమతి దక్కింది. నాకు అన్నిటికన్నా నచ్చినది బహుమతి కాదు. వాళ్ళిద్దరూ కచేరీలకు తిరిగినప్పుడు లెడ్ జెప్పెలిన్ పాట ‘బ్లాక్ డాగ్’ను కూడా పాడారు, కానీ బ్యాంజో మీద, నెమ్మదిగా, ఇద్దరి గొంతులు ఒకదానికొకటి ఆనుకుని. అడిగినది ఇచ్చాడు, అడిగినట్టు ఇవ్వలేదు. పల్లవిని ప్రతిసారీ మార్చి అడిగిన సత్యభామ చేసినది ఇదే.

ఇక్కడి నుంచి మళ్ళీ మన నేలకు, ఈసారి పొన్నూరు పక్కన బ్రాహ్మణకోడూరుకు రావాలి. మాధవపెద్ది సత్యం గారు 1922లో అక్కడ పుట్టారు. చిన్నప్పుడే రంగస్థలం మీద పద్యం పాడిన గొంతు. మైకు అక్కర్లేని గొంతును మైకు ముందు పెడితే ఏమవుతుందో ఆయన సినిమా పాటలన్నీ చెబుతాయి. వాటిలో ఒక్కటి తీసుకుంటాను. 1957 ‘మాయాబజార్’లో ఘటోత్కచుడి పెళ్ళివిందు పాట, ‘వివాహభోజనంబు’. సంగీతం ఘంటసాల. పాట మాత్రం సినిమా కోసం పుట్టింది కాదు. సురభి వారి నాటకాల ద్వారా జనం నోట అప్పటికే ఆడుతున్న పాట. సినిమాకు వచ్చిన ప్రేక్షకుడికి అది ముందే తెలుసు. పాత పాటే మళ్ళీ వింటున్నాడు. సత్యం ముందున్న పని అచ్చంగా వన్స్‌మోర్ పని.

ఆయన ఏం చేశారో వినండి. మొదట, అచ్చులన్నిటినీ నోరు పూర్తిగా తెరిచి పలికారు. నాటకం గొంతు అలవాటది, వెనక వరసదాకా పోవాలి కదా. మైకు ముందు అలా పాడితే మామూలుగా ముతకగా వినబడుతుంది. ఇక్కడ పాడేది రాక్షసుడు, అందులో ఆకలి మీద ఉన్న రాక్షసుడు. అంత నోరు తెరవడం తప్పు కాకుండా పోయి, పాత్రకు లక్షణమైంది. వంటకం పేరు చెప్పిన ప్రతిచోటా ఆ అచ్చు ముద్ద పట్టేంత పెద్దదవుతుంది. రెండోది నవ్వు. వేదిక మీద నవ్వు పాటను ఆపి నవ్వేది, జనం నవ్వేదాకా ఆగేది. సత్యం నవ్వు తాళంలో ఉంది. ఒక్క మాత్ర అటూ ఇటూ పోదు. నవ్వుతూ ఊపిరి వదిలేసినా, తర్వాతి మాటకు కావలసినంత ఊపిరి ఆయన దగ్గర మిగిలే ఉంటుంది. ఇది ఎంత కష్టమో ఒక్కసారి తాళం వేసుకుంటూ నవ్వి చూస్తే తెలుస్తుంది. మూడోది అన్నిటికన్నా సున్నితమైనది. అంత బలమైన గొంతులో ఎక్కడా కోపం లేదు, భయపెట్టడం లేదు. పిల్లవాడు దొంగచాటుగా తినేటప్పటి సంబరం ఉంది. ఎస్వీ రంగారావు గారి ముఖంలో ఆ సంబరం అంత సులువుగా పలకడానికి ముందు గొంతులో అది పలికి ఉండాలి. మార్కస్ బార్‌ట్లే కెమెరా లడ్డూలను వాటంతట అవే ఎగిరి నోట్లో పడేలా చేసిందంటే, ఆ నోటికి తగినంత విశాలమైన అచ్చును సత్యం ముందే సిద్ధం చేసి పెట్టారు.

ఆ పాట విన్న పాత నాటకాల అభిమానికి ఫిర్యాదు చేయడానికి చోటు దొరకదు. తనకు తెలిసిన పాటే, తన వైపు గొంతే, తను అడిగిన పద్ధతిలోనే నోరారా పాడారు. అయినా మూడు నిమిషాలు పైబడిన ఆ నిడివిలో నవ్వు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో వినండి. చివరి నవ్వు మొదటి నవ్వు కాదు. మొదటిది విందును చూసినవాడి నవ్వు, చివరిది తిన్నవాడి నవ్వు.